గాజు గిన్నెలో సముద్ర శిశువులు

1826వ సంవత్సరం ఏప్రిల్ 28వ తేదీన ఐర్లండులోని కోర్క్ నగర పరిసర సముద్రంలో ఒక సైనిక వైద్యుడు పల్చని మస్లిన్ గుడ్డతో కుట్టిన వలను లాగించి, అందులో చిక్కిన సన్నని ప్రాణులను సముద్రపు నీరు నింపిన గాజుపాత్రలో వేసి ఉంచాడు. ఆయన పేరు జాన్ వాన్ థాంప్సన్. వృత్తి వైద్యమైనా ఆయన మనసంతా సముద్రజీవుల మీదనే ఉండేది. పాత్రలోని ప్రాణులు అంగుళంలో పదోవంతు పొడవున, పారదర్శకమైన దేహాలతో చురుకుగా ఈదుతూ ఉన్నాయి. పది రోజులు గడిచాయి. మే నెల రెండవ వారంలో ఒక రాత్రి వాటిలో రెండు కుబుసం విడిచి పాత్ర అడుగుకు అతుక్కుపోయాయి. తెల్లవారి చూస్తే అవి ఈదే ప్రాణులు కావు; రేవు రాళ్లమీద, ఓడల అడుగున గరుకుగా పట్టి ఉండే బార్నకిల్ గుల్లలు! ఆనాటి పండితులు బార్నకిల్‌ను నత్తలు, ఆల్చిప్పల కులంలో చేర్చి ఉన్నారు. అది రొయ్యకూ పీతకూ దాయాది అని తేల్చినది ఆ గాజుపాత్ర.

ఇదే వైద్యుడు మరొక చిక్కుముడిని కూడా విప్పాడు. సముద్రపు నీటిలో తేలియాడుతూ ఉండే ఒక వింతప్రాణికి ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లూయీ బాస్ 1802లో ‘జోయా’ అనే పేరుపెట్టి, అదొక ప్రత్యేక జాతి అని గ్రంథస్థం చేశాడు. తలకు మించిన కళ్లు, వీపున కొమ్ములాంటి ముల్లు, ముందుకు పొడుచుకువచ్చిన మరొక ముల్లు, సన్నని తోక ఉన్న ఆ ప్రాణిని చూసినవారెవరికీ పీత గుర్తుకు రాదు. థాంప్సన్ గుడ్లతో ఉన్న పెద్ద పీతను సంపాదించి నీటిలో ఉంచి కాచుకున్నాడు. గుడ్లు పగిలి బయటకు వచ్చినవి బుల్లి పీతలు కావు, జోయాలు! బాస్ చూసినది కొత్త జాతిని కాదు, పీత పసితనాన్ని. 1828లో థాంప్సన్ ఈ సంగతిని ప్రచురించాడు.

లోకం వెంటనే నమ్మలేదు. మంచినీటి క్రేఫిష్ గుడ్లను పరిశీలించిన జర్మను శాస్త్రజ్ఞుడు రాట్కే, వెస్టిండీస్ నేలపీత గుడ్లను పరిశీలించిన ఆంగ్లేయుడు వెస్ట్‌వుడ్, తాము చూసిన పిల్లలు పెద్దవాటి పోలికతోనే ఉన్నాయని వాదించారు. విచిత్రమేమిటంటే, ఇరుపక్షాలూ చెప్పినది సత్యమే. మంచినీటిలోనో నేలమీదనో బ్రతికే కొన్ని జాతులు పసితనపు రూపాలన్నిటినీ గుడ్డులోనే ముగించుకొని బయటపడతాయి. సముద్రంలో గుడ్లు వదిలే జాతులలో అత్యధికం అలా చేయవు. వాటి పిల్లలు వేరొక రూపంతో పుట్టి, వేరొక లోకంలో, వేరొక ఆహారం తిని, కుబుసం మీద కుబుసం విడుస్తూ అంచెలంచెలుగా తల్లి రూపానికి చేరుకుంటాయి. ఈ పసిరూపానికే శాస్త్రంలో డింభకమని పేరు. థాంప్సన్ వాదానికి పూర్తి ఆమోదం లభించే నాటికి ఆయన ఐర్లండులో లేడు. 1835లో ఆస్ట్రేలియాలో వైద్యాధికారిగా నియమితుడై వెళ్లి, 1847లో సిడ్నీలోనే మరణించాడు.

బాస్ పెట్టిన పేరు మాత్రం పోలేదు. విశాఖపట్నం, కాకినాడ తీరాలలోని రొయ్యపిల్లల హేచరీలలో పనిచేసే కుర్రవాళ్లు ఈనాటికీ ‘నాప్లి, జోయా, మైసిస్, పీఎల్’ అంటూ పిల్లల దశలను వేళ్లమీద లెక్కపెడతారు.

ఆ హేచరీల వెనుక పెద్ద పెట్టుబడులు, పంపులు, నిపుణులు ఉన్నారు. కాని థాంప్సన్ మాదిరిగానే ఒక్క గాజుపాత్రతో, ఇంటి వరండాలో, ఈ పసిప్రాణులను పెంచి పెద్దచేయాలని పూనుకొనేవారు కూడా ప్రపంచంలో ఉన్నారు. రంగుచేపల తొట్టె ఇంట్లో పెట్టుకున్నవారిలో బహుకొద్దిమందికి పట్టే పిచ్చి ఇది. పట్టినవారిని మాత్రం నెలల తరబడి నిద్రపోనివ్వదు.

వీరు సాధారణంగా మొదలుపెట్టేది పెప్పర్‌మింట్ రొయ్యతో. పిప్పరమెంటు బిళ్లమీది చారల వంటి ఎర్రని చారలున్నందున దానికా పేరు వచ్చింది. ఫ్లోరిడా, మెక్సికో సింధుశాఖ, కరీబియన్ తీరాలు దాని స్వస్థలం. రెండంగుళాలకు మించని ఈ రొయ్య సముద్రపు తొట్టెలలో కలుపుమొక్కలా పెరిగిపోయే ఐప్టేసియా అనే అనిమోనీని కొరికి తింటుంది గనుక గిరాకీ ఎక్కువ. జత కుదర్చడంలో ఏ చిక్కూ లేదు. ప్రతి రొయ్యా మొదట మగదిగా ఉండి, కొంత ఎదిగిన తరువాత ఏకకాలంలో ఆడదీ మగదీ కూడా అవుతుంది. తనకు తాను గర్భం దాల్చలేదు గాని, ఎదిగిన ఏ రెండింటిని ఒకచోట ఉంచినా రెండూ తల్లులవుతాయి. పొట్టకింది తెడ్లవంటి కాళ్లమధ్య ఆకుపచ్చని గుడ్ల గుత్తిని పది, పన్నెండు రోజులు మోస్తుంది. ఆకుపచ్చ క్రమంగా తగ్గి గుడ్లు వెలవెలబోయి, వాటిలో వెండి చుక్కల్లాంటి కళ్లు కనిపించాయంటే ప్రసవం దగ్గరపడినట్లు.

ప్రసవం చీకట్లోనే జరుగుతుంది. దీపాలార్పిన కొద్దిసేపటికి తల్లి పొట్టకింది తెడ్లను జోరుగా ఆడిస్తూ వందలకొద్దీ పిల్లలను నీటిలోకి విదిలిస్తుంది. చీకటినే ఎన్నుకోవడానికి కారణం స్పష్టం: పగటి చేపలు నిద్రించే వేళ అది. సముద్రంలో ఆ పిల్లలు ప్రవాహంలో పడి దిబ్బలకు, వాటి నోళ్లకు దూరంగా కొట్టుకుపోతాయి. గాజుతొట్టెలో కొట్టుకుపోవడానికి చోటు ఎక్కడ? ఒక పక్క నీటిని పీల్చే ఫిల్టరు, మరొక పక్క ఆకలిగొన్న చేపలు. పగడాల స్పర్శకొమ్ములు సరేసరి. తెల్లవారేసరికి ఒక్క పిల్ల మిగలదు. యజమాని ముందురోజు తల్లి పొట్టకింద గుడ్లను చూసి సంతోషించి, మర్నాడు ఖాళీ పొట్టను చూసి ఆశ్చర్యపోతాడు. ప్రపంచంలోని వేలాది తొట్టెలలో రెండు వారాలకొకసారి జరిగే విషాదమిది. చాలామంది యజమానులకు అది జరిగినట్లే తెలియదు.

తెలిసినవారు ఆ రాత్రి ఫిల్టరు ఆపివేసి, తొట్టె మూలన ఒక టార్చిలైటు వెలిగించి కూర్చుంటారు. పసిరొయ్యలకు వెలుతురంటే తగని మోజు. కాసేపటికి ఆ మూలన వెలుతురు పాయలో రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుగల గాజు సూదులు మేఘంలా గుమిగూడతాయి. వాటిని వలతో పట్టరాదు. వెంట్రుకలకన్న సన్నని వాటి అవయవాలు వలదారాలకు తగిలి విరిగిపోతాయి. లోటాతోనో గ్లాసుతోనో నీటితో సహా మెల్లగా ముంచి తీయాలి. తల్లికి ఈ హడావిడి ఏమీ పట్టదు. పిల్లలను వదిలిన కొద్ది గంటలలోనే అది కుబుసం విడిచి, మళ్లీ జతకట్టి, మరునాటికి కొత్త గుడ్ల గుత్తితో తిరుగుతూ ఉంటుంది.

తరువాతి ప్రశ్న, ఆ పిల్లలను ఎందులో ఉంచాలన్నది. ఇక్కడే తొలిసారి ప్రయత్నించేవారందరూ పొరపాటు పడతారు. పెద్ద రొయ్య ఇష్టపడే ఇసుక, రాళ్లు, మూలలు గల తొట్టెలో పిల్లలను వేస్తారు. పిల్లకు అడుగు అనేదే లేదు. అది నడిసముద్రపు ప్రాణి. ఏ గోడ తగిలినా, ఏ మూల చిక్కినా, అడుగున మురికిలో పడినా దానికి ప్రాణగండమే. 1968లో వుల్ఫ్ గ్రేవ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఇందుకొక ఉపాయాన్ని ప్రకటించాడు. గుండ్రని పాత్రలో నీటిని నెమ్మదిగా, ఆగకుండా చక్రంలా తిప్పుతూ ఉంటే అందులోని ప్రాణులు గోడకు గాని అడుగుకు గాని తగలకుండా తేలుతూనే ఉంటాయి. ఆ పాత్రకు ఆయన ‘క్రైజెల్’ అని పేరుపెట్టాడు. జర్మను భాషలో బొంగరం అని అర్థం. జెల్లీచేపలను ప్రదర్శించే పెద్ద పెద్ద అక్వేరియాలలో ఉండే గుండ్రని తొట్టెలన్నీ ఈ బొంగరపు సంతానమే. ఇంట్లో పెంచేవారికి అంత ఖరీదైన ఏర్పాటు అవసరం లేదు. అడుగు గుండ్రంగా ఉన్న గాజు గిన్నె, అందులోకి ఒక సన్నని గొట్టం ద్వారా లెక్కపెట్టగలిగినంత మెల్లగా వచ్చే గాలిబుడగలు ఉంటే చాలు. బుడగలు మరీ సన్ననివైతే అవి పిల్లల దేహాలకు అంటుకొని వాటిని పైకి తేల్చి చంపుతాయి. గిన్నె పక్కలకు నల్లకాగితం చుట్టి వెలుతురు పైనుంచి మాత్రమే పడేట్లు చేయాలి. లేకుంటే వెలుతురు మోజుతో పిల్లలు రోజంతా గాజుగోడకు తల కొట్టుకుంటాయి.

పెద్ద రొయ్యకు కావలసినది పిల్లకు పనికిరాదన్న ఈ సూత్రం ఆసియాలో ఒక గొప్ప పరిశ్రమకే మూలమైంది. గోదావరి, కృష్ణలలో కూడా ఉండి, రైతులు స్కాంపి అని పిలిచే పెద్ద మంచినీటి రొయ్యను పెంచాలని ఎందరు యత్నించినా పిల్లలు కొద్దిరోజులకే చనిపోయేవి. 1960ల ఆరంభంలో మలేషియాలో పనిచేస్తున్న షావో వెన్ లింగ్ అనే నిపుణుడు, మంచినీటి రొయ్య పిల్లలకు మంచినీరు పనికిరాదని, ఉప్పు కలిసిన నీరే కావాలని కనుగొన్నాడు. చేతికందిన పదార్థాలన్నీ నీటిలో కలిపి చూస్తూ, చివరకు వంటింటి సోయా సాస్‌ను కూడా చుక్కలు వేసినప్పుడు పిల్లలు తేరుకున్నాయని, అందులోని ఉప్పే రహస్యమని అప్పుడు తట్టిందని చెప్పుకుంటారు. నిజానికి నది ఈ సంగతిని ఎప్పటినుంచో చూపుతూనే ఉంది. గుడ్లతో ఉన్న తల్లి రొయ్యలు ఏటేటా ప్రవాహం వెంట దిగి సముద్ర ముఖాలకు పోతూనే ఉన్నాయి.

ఇక ఆహారం. అసలు కష్టమంతా ఇక్కడ ఉంది. పెప్పర్‌మింట్ రొయ్య పిల్ల పుట్టిన మరునాటికే మేత వెతుక్కుంటుంది. అది కూడా కదిలే మేత. దాని నోటికి సరిపోయేది ఆర్టీమియా అనే ఉప్పునీటి సూక్ష్మప్రాణి పిల్ల. ఆర్టీమియా గుడ్లు ఎండి ధూళిగా మారి ఏళ్ల తరబడి ప్రాణంతో ఉండగలవు. అమెరికాలోని యూటా రాష్ట్రపు మహా లవణ సరస్సు ఒడ్డున అవి గోధుమరంగు చారలుగా పేరుకుంటాయి. మన దేశంలో తూత్తుకుడి ఉప్పుమడులలోనూ ఈ ప్రాణి ఉంది. ఈ గుడ్లనే హెరాల్డ్ వాన్ బ్రౌన్‌హట్ అనే అమెరికను వ్యాపారి 1960లలో ‘సీ మంకీలు’ అనే పేరుతో కిరీటాలు ధరించిన బొమ్మలు వేయించి లక్షలాది పిల్లలకు అమ్మాడు. నీటిలో వేస్తే ప్రత్యక్షమయ్యేది కిరీటంలేని పొడవు అరమిల్లీమీటరు ప్రాణి కావడం చూసి నిరాశపడిన బాలబాలికలకు లెక్కలేదు. రొయ్యపిల్లకు మాత్రం అంతకంటే పంచభక్ష్య పరమాన్నం లేదు.

ఉప్పునీటిలో వేసి గాలి అందిస్తే ఒక రోజు, రోజున్నరలో గుడ్లు పగులుతాయి. ఖాళీ పెంకులు పైకి తేలుతాయి. వాటిని వేరుచేసి, పిల్లలను సన్నని గుడ్డలో వడగట్టి కడిగి వేయాలి. కడగకపోతే పొదిగిన నీటిలోని మురికి, బాక్టీరియా గిన్నెలోకి చేరి ఒక్క రాత్రిలో సమస్తాన్ని తుడిచిపెడతాయి. మరొక నియమం ఉంది. ఆర్టీమియా పిల్ల పుట్టినప్పుడు దాని దేహంలో తల్లి ఇచ్చిన పోషక పదార్థం నిండుగా ఉంటుంది. గంటలు గడిచినకొద్దీ దానిని ఖర్చుచేసుకొని బలహీనమవుతుంది. నిన్నటి ఆర్టీమియా వేస్తే రొయ్యపిల్ల కడుపు నిండుతుందే గాని ఒంటికి పట్టదు. అందుచేత ప్రతిరోజూ కొత్తగా పొదిగించాలి. పిల్లలు కొంత ఎదిగాక, పచ్చని సూక్ష్మ శైవలాలను తినిపించి బలిపించిన ఆర్టీమియాను వేస్తారు. అంటే మేతకు మేత వేయాలన్నమాట! ఈ లోపల అడుగున పడిన మురికిని సన్నని గొట్టంతో పీల్చివేయడం, తీసినంత నీటిని అదే వెచ్చదనంతో, అదే ఉప్పదనంతో బొట్లు బొట్లుగా తిరిగి పోయడం నిత్యకృత్యాలు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎండకు నీరు ఆవిరై ఈ లెక్క కాస్త పెరిగినా, గది చల్లబడినా, కుబుసం విడవవలసిన పిల్ల విడవలేక అందులోనే చిక్కి చనిపోతుంది. ఏప్రిల్ కర్కెండాల్ అనే అమెరికను రచయిత్రి పెప్పర్‌మింట్ రొయ్యలను పెంచడం, తర్ఫీదు ఇవ్వడం గూర్చి ఏకంగా ఒక పుస్తకమే వ్రాసింది. తర్ఫీదు మాట పరిహాసానికే చేర్చి ఉండాలి. నిజానికి ఈ వ్యవహారంలో తర్ఫీదు పొందేది యజమాని.

రెండు వారాలు గడిచేసరికి పిల్ల రూపం మరింత వింతగా మారుతుంది. కాడలమీద నిలిచిన కళ్లు పక్కలకు సాగుతాయి. వెనుక జత కాళ్లు దేహంకన్న పొడవుగా పెరిగి, చివర పడవతెడ్డులా వెడల్పవుతాయి. సముద్రంలో పట్టుబడిన ఇటువంటి డింభకాలను చూసి స్పెన్స్ బేట్ అనే పండితుడు 1888లో ‘ఎరెట్మోకారిస్’ అనే కొత్త ప్రజాతినే సృష్టించాడు. తెడ్డు రొయ్య అని భావం. థాంప్సన్ జోయా గుట్టు విప్పి అరవై సంవత్సరాలైన తరువాత కూడా పండితులు అదే గుంటలో పడ్డారంటే, ఈ పసిరూపాల మాయ ఎంతటిదో ఊహించవచ్చు. వాటిని సీసాలో చచ్చిన నమూనాగా చూసినంతకాలం ఎవరికైనా ఆ భ్రమ తప్పదు. బ్రతికించి, పెంచి, పక్కనే కూర్చుని చూస్తేగాని పిల్ల ఎవరి పిల్లో తేలదు.

అన్నీ సవ్యంగా సాగితే మూడు నుంచి ఐదారు వారాలలో చివరి ఘట్టం వస్తుంది. సవ్యంగా సాగకపోతే పిల్ల ఒక విచిత్రమైన పని చేస్తుంది. ఆహారం చాలనప్పుడు అది చావదు, ఎదగదు. రూపం మారకుండానే కుబుసాల మీద కుబుసాలు విడుస్తూ కాలం గడుపుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఉన్నచోటనే అడుగులు వేసే సైనికుడి కవాతుతో పోల్చారు. నడిసముద్రంలో ఈ ఓర్పు ప్రాణరక్షణ. ఇంటి గిన్నెలో మాత్రం యజమాని సహనానికి పరీక్ష. నలభైయవ రోజున కూడా పిల్లలు ఈదుతూనే ఉంటే, లోపం పిల్లలలో కాదు, మేతలో ఉందని అర్థం. ఈ దశలోనే కొందరు విసిగి గిన్నెను కుమ్మరించేస్తారు. మరికొందరి గిన్నెలలో, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని హైడ్రాయిడ్లు గోడలకు మొలిచి, స్పర్శకొమ్ములతో మిగిలిన పిల్లలను ఒక్కొక్కటిగా కాజేస్తాయి.

ఈ శ్రమంతా ఎందుకన్న ప్రశ్న సహజం. దుకాణంలో అమ్మే చారల రొయ్యలలో చాలా భాగం ఏదో ఒక సముద్రపు దిబ్బ నుంచి పట్టి తెచ్చినవే. అందులో ముఖ్యమైనది, ఎర్రని వీపుమీద తెల్లని గీత గల శుభ్రకారి రొయ్య. దిబ్బలలో అది ఒకచోట కొలువుదీరి కూర్చుంటుంది. పెద్ద చేపలు వచ్చి నోరు తెరిచి నిలబడితే వాటి దవడలలోకి దూరి పరాన్నజీవులను ఏరి తింటుంది. ఇండోనేషియా, శ్రీలంక మొదలైన దేశాల సముద్రాల నుంచి దానిని పట్టి ఎగుమతి చేస్తారు. దాని పిల్లల పసితనం మూడు నాలుగు నెలలకు పైగా సాగుతుంది గనుక పెంచడం మహాకష్టం, పట్టడం మహాసులభం. పెప్పర్‌మింట్ రొయ్య విషయంలో నేర్చిన ప్రతి మెళకువా ఈ కష్టాన్ని తగ్గించడానికి ఒక అడుగు.

తిండికి పెంచే రొయ్యల చరిత్రలో ఇటువంటి మార్పు ఒకసారి జరిగింది. జపానుకు చెందిన మోతోసాకు ఫుజినాగా, కురుమ రొయ్య పిల్లలను డయాటములతో పోషించి పెంచిన విధానాన్ని 1942లో ప్రకటించాడు. అయినా ఆ తరువాత దశాబ్దాల తరబడి చెరువులకు కావలసిన టైగర్ రొయ్యపిల్లలను సముద్రతీరాలలోనే పట్టేవారు. సుందరవనాలలో స్త్రీలు నడుములోతు ఉప్పునీటిలో, మొసళ్ల భయం మధ్య గంటల తరబడి సన్నని వలలు లాగి, అందిన వాటిలో టైగర్ పిల్లలను మాత్రం ఏరుకొని, మిగిలిన చేపపిల్లలను, పీతపిల్లలను గట్టున పారవేసేవారు. ఏరినదానికన్న పారవేసినది ఎన్నో రెట్లు. హేచరీలు నెలకొన్నకొద్దీ చెరువు రైతుకు ఆ పిల్లలతో పని తగ్గింది. అలంకార రొయ్యల విషయంలో అటువంటి రోజు ఇంకా రాలేదుగాని, లక్షద్వీపాలలోని అగత్తిలో ఒక మంచి ఆరంభం జరిగింది. జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ అక్కడ ఒక కేంద్రాన్ని స్థాపించి, రెండు జాతుల అలంకార రొయ్యల సంతానాన్ని బంధంలోనే ఉత్పత్తి చేసి, ఆ పిల్లలను పెంచి అమ్మకానికి సిద్ధం చేయడంలో ద్వీపపు స్త్రీలకు శిక్షణ ఇచ్చింది.

గిన్నె ముందు కూర్చున్నవారు కాచుకునే ఘట్టం మాత్రం చాలా నిశ్శబ్దంగా వస్తుంది. అన్ని రోజులూ తలక్రిందుగా, వెనక్కి వెనక్కి ఈదుతూ ఉన్న పిల్ల ఒక రాత్రి చివరి కుబుసం విడుస్తుంది. తెల్లవారేసరికి తెడ్లు లేవు, కాడకళ్లు ముడుచుకుపోయాయి. సెంటీమీటరైనా లేని రొయ్య ఒకటి గిన్నె అడుగున కాళ్లమీద నిలబడి, మీసాలు ఆడిస్తూ, నిన్నటివరకు తనకు ప్రాణగండమైన ఆ నేలమీదనే మేత ఏరుకుంటూ కనిపిస్తుంది. మొదటి ప్రయత్నంలో వందల నుంచి రెండో మూడో ఈ రోజును చూస్తే అదృష్టమే. చేయి తిరిగినవారు సగానికి పైగా దక్కించుకుంటారు. ఇక వాటికి గోడలు, మూలలు, దాక్కోవడానికి రాళ్లు అన్నీ కావాలి. తల్లి ఉన్న తొట్టెలోకి మాత్రం రెండు సెంటీమీటర్లయినా పెరిగేవరకు పంపరు. అక్కడి చేపలకు అంత చిన్న రొయ్య ఒక గుటకకు కూడా చాలదు.